ట్యాంకుకు ఎన్ని మూతలు?



రేడియోలో వ్యవసాయ కార్యక్రమాలు చేయడం మొదలుపెట్టిన కొత్తలో పత్తి పురుగు మీద ఒక ప్రసంగం తయారుచేశాను. శాస్త్రవేత్తను కలిశాను, కరపత్రాలు చదివాను, అంకెలు రెండుసార్లు సరిచూసుకున్నాను. లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల మందు కలిపి పిచికారీ చేయాలని అందులో చెప్పాం. శాస్త్రం ప్రకారం ఒక్క తప్పు లేదు. సాయంత్రం ప్రసారమైంది. మంచి పని చేశానన్న తృప్తితో ఇంటికి వెళ్లాను.

పది రోజుల తర్వాత వేరే పని మీద కర్నూలు జిల్లాలో ఒక పల్లెకు పోతే, అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఒకరు నా గొంతు గుర్తుపట్టారు. పక్కన చోటు చూపించి, "బాగ చెప్తిరి సార్. లీటరుకు రెండు మిల్లీ అంటిరి. మరి ట్యాంకుకు ఎన్ని మూతలు పోయల్ల?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. ఆయన వీపుకు తగిలించుకునే ట్యాంకు 16 లీటర్లది. లెక్క ప్రకారం 32 మిల్లీలీటర్లు పోయాలి. కానీ మిల్లీలీటర్లు కొలిచే సాధనం ఆ ఇంట్లో ఏదీ లేదు. ఆ ఊళ్లో అందరూ మందు సీసా మూతతోనే కొలుస్తారు. మూతకు ఎంత పడుతుందో చూద్దామని పశువులకు సూదిమందు వేసే సిరంజి ఒకటి తెప్పించాం. ఐదిళ్ల నుంచి ఐదు మూతలు వచ్చాయి. వాటిని అరుగు మీద వరసగా పెట్టి నీళ్లతో కొలిచాం. ఒకదానికి 10 మిల్లీలీటర్లు పట్టింది, ఇంకోదానికి 15. ఒక పెద్ద సీసా మూతకైతే 25 దాకా పట్టింది. అంటే "రెండు మూతలు" అన్నప్పుడు ఒక ఇంట్లో 20 మిల్లీలీటర్లు పడితే, నాలుగు గడపల అవతల 50 పడుతోంది. మొదటి ఇంట్లో పురుగు చావదు. రెండో ఇంట్లో డబ్బు దండగ, పైగా ఒంటికీ నేలకూ చేటు.

అప్పటిదాకా నేను చేసిందంతా విషయం మీద పరిశోధన. వినే మనిషి మీద ఏమీ చేయలేదు. ఆయన ఏ పనిముట్టుతో కొలుస్తాడో, ఏ మాటతో లెక్కపెడతాడో, రేడియో పెట్టుకున్న వేళకు ఆయన చేతుల్లో ఏ పని ఉంటుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు. రేడియో కానివ్వండి, టీవీ, సినిమా కానివ్వండి, ఒక కార్యక్రమం పుట్టడం వెనక ఎన్ని రకాల పరిశోధన ఉంటుందో ఈ పూట మీతో చెప్పుకోవాలనిపించడానికి కారణం ఆ అరుగే.

మన పనిలో పరిశోధన అనగానే చాలామందికి గుర్తొచ్చేది గ్రంథాలయం. పాత పత్రికలు తిరగేయడం, పెద్దల్ని అడిగి తేదీలు సరిచూసుకోవడం. అది తప్పనిసరి. ఇతరులు ఇదివరకే సేకరించి పెట్టినదాన్ని మనం చదువుకోవడం ఒక దారి. మనమే బయలుదేరి వెళ్లి మనుషుల్ని అడిగి, కళ్లతో చూసి, చెవులతో విని తెచ్చుకోవడం ఇంకో దారి. మొదటిది చవక, త్వరగా తెమిలే పని. రెండోదానికి బస్సు ఛార్జీలు కావాలి, రోజులు కావాలి, ఓపిక కావాలి. బడ్జెట్ తగ్గించాల్సి వచ్చినప్పుడు మొట్టమొదట కోత పడేది ఈ రెండోదానికే. నా అనుభవంలో అంత నష్టం తెచ్చే పొదుపు వేరే లేదు.

వినేవాళ్ల గురించి తెలుసుకోవడానికి ఒకప్పుడు మాకు ఉత్తరాలే ఆధారం. సంచుల కొద్దీ పోస్టుకార్డులు వచ్చేవి. వాటిని చూసి ఈ కార్యక్రమానికి మంచి ఆదరణ ఉందని మురిసేవాళ్లం. కార్డు రాసేవాడెవరు? చదువు వచ్చినవాడు, తీరిక ఉన్నవాడు, తన పేరు రేడియోలో వినాలన్న ముచ్చట ఉన్నవాడు. రోజంతా కలుపు తీసి వచ్చి పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి కార్డు రాయదు. ఆమెకు మన కార్యక్రమం నచ్చిందో లేదో ఆ సంచిలో ఎక్కడా దొరకదు. అందుకే ఎవరు రాస్తే వాళ్ల మాట తీసుకోకుండా, ఎవర్ని అడగాలో మనమే ఒక పద్ధతి ప్రకారం ఎంచుకుని ఇంటింటికీ వెళ్లి అడగడం మొదలైంది. బీబీసీ ఈ పనికోసం 1936లో రాబర్ట్ సిల్వీ అనే ఆయన్ను పెట్టుకుంది. మన ఆకాశవాణిలోనూ శ్రోతల పరిశోధనకు విడిగా విభాగం ఏర్పడింది. ఎంతమంది వింటున్నారు, ఏ వేళకు వింటున్నారు, ఎంతసేపు విని కట్టేస్తున్నారు అన్నవి లెక్కతో తేలే సంగతులు.

లెక్క ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పే ముచ్చట ఒకటుంది. 1930ల చివర్లో అమెరికాలో పాల్ లాజర్స్‌ఫెల్డ్, ఫ్రాంక్ స్టాంటన్ అనే ఇద్దరు ఒక యంత్రం తయారుచేశారు. పదిమందిని గదిలో కూర్చోబెట్టి కార్యక్రమం వినిపిస్తారు. ఒక్కొక్కరి చేతుల్లో రెండు మీటలు. నచ్చిన చోట పచ్చ మీట నొక్కాలి, నచ్చని చోట ఎర్ర మీట. ఏ నిమిషంలో ఎవరు ఏది నొక్కారో కాగితం మీద గీతలుగా పడిపోతుంది. 1941 నవంబరులో లాజర్స్‌ఫెల్డ్ తన సహోద్యోగి రాబర్ట్ మెర్టన్‌ను ఇంటికి భోజనానికి పిలిచి, అటునుంచి అటే ఈ పరీక్ష జరుగుతున్న స్టూడియోకు తీసుకెళ్లాడు. మీటలు నొక్కడం అయ్యాక ఒకరు వచ్చి శ్రోతల్ని ప్రశ్నలడుగుతున్నారు. మెర్టన్‌కు అక్కడ లోపం కనిపించింది. ఫలానా చోట ఎర్ర మీట ఎందుకు నొక్కారో వాళ్లచేతనే చెప్పించే తీరు ఆ ప్రశ్నల్లో లేదు. ఆయనే ముందుకొచ్చి ఆ ముఖాముఖి ఎలా జరగాలో చూపించాడు. ఈ రోజుల్లో ప్రకటనల కంపెనీల నుంచి టీవీ ఛానళ్ల దాకా అందరూ వాడుతున్న, కొద్దిమందిని కూర్చోబెట్టి అభిప్రాయాలు రాబట్టే ఫోకస్ గ్రూపులకు మూలం ఆ సాయంత్రంలోనే ఉంది.

లెక్కా, ముఖాముఖీ నేను రెండూ వాడి చూశాను కాబట్టి చెబుతున్నాను. నూటికి అరవైమంది కట్టేశారని లెక్క చెబుతుంది. ఎందుకు కట్టేశారో ఒక మనిషి ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఒకసారి సాయంత్రం మహిళల కార్యక్రమం ఎవరూ వినడం లేదని తేలితే, భాష కష్టంగా ఉందేమోనని స్క్రిప్టు సులువు చేశాం, పాటలు చేర్చాం. ఏమీ మారలేదు. చివరికి ఒక ఊరికి వెళ్లి ఆ వేళకు ఇళ్ల ముందు నిలబడితే సంగతి అర్థమైంది. ఆ అరగంటా ఊరు ఊరంతా పాలు పితుకుతోంది. గేదె దగ్గర కూర్చున్న ఆమెకు వసారాలో ఉన్న రేడియో ఎక్కడ వినబడుతుంది? భాషలో ఏ లోపమూ లేదు. వేళ మార్చితే సరిపోయేది.

కార్యక్రమం సగం తయారయ్యాక చేసే పరిశోధన ఇంకొకటుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. దీనికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అమెరికాలో చిన్నపిల్లల కోసం "సెసమీ స్ట్రీట్" అనే టీవీ కార్యక్రమం 1969 నవంబరు 10న మొదలైంది. దాన్ని తయారుచేసినవాళ్లు ప్రసారానికి ముందే, ఆ ఏడాది జూలైలో, గంట నిడివి ఎపిసోడ్లు ఐదు తీసి ఫిలడెల్ఫియాలో పిల్లలకు చూపించారు. పరిశోధనకు పెద్ద ఎడ్వర్డ్ పామర్. ఆయన పద్ధతి చాలా సరళం. టీవీకి పక్కనే ఒక తెర పెట్టి దానిమీద ఏడెనిమిది సెకన్లకొకసారి కొత్త బొమ్మ మారేలా ఏర్పాటు చేశాడు. పిల్లవాడు అటూ ఇటూ చూస్తూనే ఉంటాడు. వాడి కళ్లు టీవీ మీద ఉన్నాయా, పక్క బొమ్మ మీదకు పోయాయా అని ఒకరు కూర్చుని రాసుకుంటారు. నాలుగేళ్ల పిల్లవాణ్ని పట్టుకుని "నీకిది నచ్చిందా?" అని అడిగితే మన ముఖం చూసి నచ్చిందనే అంటాడు. కళ్లకు అలాంటి మొహమాటం ఉండదు.

ఆ పరీక్షలో ఏం తేలిందంటే, తోలుబొమ్మల్లాంటి మపెట్లు వచ్చినప్పుడు పిల్లలు కన్నార్పకుండా చూస్తున్నారు. వీధిలో మనుషులు మాట్లాడుకునే దృశ్యాలు రాగానే చూపు పక్కకు పోతోంది. బొమ్మల్నీ మనుషుల్నీ అలా విడివిడిగా తీయడానికి కారణం నిపుణుల సలహాయే. కల్పనను, నిజజీవితాన్ని కలిపితే పిల్లలు తికమకపడతారని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పారు. ఇక నిపుణుల మాట వినాలా, పిల్లల కళ్లను నమ్మాలా? పిల్లల్నే నమ్మారు. బొమ్మల్ని మనుషులున్న వీధిలోకే తెచ్చారు. బిగ్ బర్డ్ అనే పెద్ద పసుపుపచ్చ పిట్ట, చెత్తడబ్బాలో కాపురముండే ఆస్కార్ అలా పుట్టాయి. ఆ కార్యక్రమానికి గుర్తుగా లోకమంతా ఎరిగిన బొమ్మలు పరీక్షలో దొరికిన లోపాన్ని సరిదిద్దుకోవడంలోంచి వచ్చాయి. పరిశోధన సృజనకు అడ్డమని వాదించే మిత్రులకు నేను ఎప్పుడూ చెప్పే కథ ఇదే.

మన దేశంలోనూ ఇంత శ్రద్ధగా జరిగిన పని ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా సైట్ అనే ప్రయోగం నడిచింది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు వాడుకుని ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు పంపారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లో తయారయ్యేవి. కోళ్లగూడుకు వాడే ఇనుప తీగవలతో చేసిన మూడు మీటర్ల గొడుగు యాంటెన్నా, దాని కింద ఊరంతటికీ ఒక్క టీవీ పెట్టె. ఉదయం గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. ఉపగ్రహం గురించి ఆ రోజుల్లో పత్రికలు చాలా రాశాయి. నన్ను కదిలించింది మాత్రం దాని వెనక ఊళ్లలో జరిగిన పని. ఇస్రో నియమించిన సామాజిక పరిశోధకులు ముందుగా ఆ ప్రాంతాల బతుకు తీరు, అక్కడి అవసరాలు పరిశీలించారు. తీసిన కార్యక్రమాలను చూపించి స్పందనలు రాసుకున్నారు. ప్రసారాలకు ముందు, మధ్యలో, తర్వాత సర్వేలు చేశారు. వీటితోపాటు కొందరు మానవశాస్త్రజ్ఞులు ఎంచుకున్న ఊళ్లలో నెలల తరబడి మకాం పెట్టి, ఊరివాళ్లలో ఒకరుగా మసలుతూ చూసిందల్లా రాసుకున్నారు. సర్వే కాగితంలో "టీవీ చూస్తారా?" అన్న ప్రశ్నకు అవును, కాదు అన్న జవాబులే దొరుకుతాయి. ఆ పెట్టె ఎవరి ముంగిట పెట్టారు, అక్కడికి ఏ వాడవాళ్లు రాగలరు, ఏ వాడవాళ్లు రాలేరు అన్నది తెలియాలంటే ఊళ్లో ఉండాల్సిందే.

అంతకు ముందు, 1956లో, పుణె ఆకాశవాణి చేసిన ప్రయోగం కూడా చెప్పుకోదగ్గది. దాదాపు 150 మరాఠీ గ్రామాల్లో రైతులు గుంపుగా కూర్చుని రేడియో విని, తర్వాత చర్చించుకునే ఏర్పాటు చేశారు. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ తరఫున పాల్ నోయ్‌రాత్ ఫలితాలు కొలిచాడు. చర్చ జరిగిన ఊళ్లను మాత్రమే చూసి ఊరుకోలేదు. రేడియో ఉండి చర్చ లేని ఊళ్లను, అసలు రేడియోయే లేని ఊళ్లను కూడా పక్కన పెట్టుకుని పోల్చాడు. విని చర్చించుకున్న ఊళ్లలోనే తెలివిడి బాగా పెరిగిందని తేలింది. ఆ పోలిక లేకపోతే పంట బాగా పండినా, వాన బాగా పడినా మా కార్యక్రమం గొప్పే అని మేమే చెప్పుకునేవాళ్లం.

ఇక మాటల సంగతి. తెలుగులో కార్యక్రమం చేసేవాడికి దీన్ని మించిన పరిశోధన లేదు. ఒక్క పంట తీసుకోండి. కోస్తాలో వేరుశనగ అంటారు. తెలంగాణలో పల్లి. కర్నూలు, పాలమూరు వైపు బుడ్డలు. అనంతపురం, చిత్తూరు వైపు వెళితే శెనక్కాయ. ఇప్పుడు స్టూడియోలో కూర్చుని "శనగకు తెగులు" అని ఒక్కమాట అన్నామనుకోండి. గుంటూరు రైతు పప్పుశనగ అనుకుంటాడు. అనంతపురం రైతు తన శెనక్కాయ చేను వైపు చూస్తాడు. మందు మారిపోతుంది, ఏడాది కష్టం పోతుంది. ఇలాంటి చోట నాకు ఎన్నోసార్లు దారి చూపింది మాండలిక వృత్తిపదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వ్యవసాయ పదాల సంపుటాన్ని 1962లో వేసింది. తర్వాత చేనేత పదాలకూ సంపుటం వచ్చింది. జిల్లా జిల్లాకూ మనుషుల్ని పంపి, రైతుల నోట ఏ మాట ఎలా ఉందో అలాగే రాసుకొచ్చిన పుస్తకం అది. వాళ్లు ఎండలో తిరిగి కూర్చిన మాటలు మనం ఫ్యాను కింద కూర్చుని చూసుకోవచ్చు. కొత్తగా రేడియోలోకి, టీవీలోకి వచ్చే పిల్లలు దాన్ని ఒక్కసారైనా తెరవాలని నా కోరిక. అయితే పుస్తకం వచ్చి అరవై ఏళ్లు దాటింది. ఆ తర్వాత పల్లెలోకి ట్రాక్టరు వచ్చింది, డ్రిప్పు వచ్చింది, "ట్యాంకుకు రెండు మూతలు" వచ్చింది. ఆ మాటల కోసం మళ్లీ అరుగుల దగ్గరికే వెళ్లాలి.

సినిమాలో పుస్తకాల సేకరణా, జనం మధ్య సేకరణా ఎలా కలుస్తాయో "మా భూమి"లో చూడవచ్చు. కథకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. దర్శకుడు గౌతం ఘోష్ బెంగాలీ. నవల ఒక్కటే పట్టుకుని తీసి ఉంటే అది అంతగా తెలంగాణ సినిమా అయ్యేది కాదేమో. అందులో గద్దర్ గొంతున వినిపించే పాట బండి యాదగిరిది, తెలంగాణ సాయుధ పోరాటంలోంచి వచ్చింది. నవల అల్మరాలో దొరుకుతుంది. అలాంటి పాట మాత్రం జనం మధ్య తిరిగినవాళ్లకే దొరుకుతుంది.

నిర్మాణానికి సంబంధించిన వెతుకులాట మరికొంత ఉంటుంది. ఖర్చు ఎంతవుతుంది, అనుమతులు ఎవరివ్వాలి, పాత రికార్డింగు హక్కులు ఎవరివి, పిలిచిన నిపుణుడు నిజంగా ఆ విషయం తెలిసినవాడేనా అన్నవి. వీటి గురించి ఎక్కువ చెప్పను. ఒక్క మాట. సినిమావాళ్లు రెక్కీకి వెళితే కళ్లతో చూస్తారు. రేడియోవాళ్లం చెవులతో చూడాలి. కెమెరాకు ఎంతో అందంగా కనబడే చెరువుగట్టు పక్కనే పిండిమర ఉంటే మాకు ఆ చోటు పనికిరాదు.

వినేవాళ్లే కార్యక్రమం చేసే చోటు కూడా ఒకటుంది. అది జహీరాబాద్ దగ్గర మాచనూరులోని సంఘం రేడియో. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు నడిపే కేంద్రం. అల్గోలు నర్సమ్మ, జనరల్ నర్సమ్మ అని పేరున్న ఇద్దరు దాని గొంతులు. 1998లోనే స్టూడియో ఏర్పడినా, లైసెన్సు దొరికి ప్రసారం మొదలైంది 2008 అక్టోబరు 15న. ఆ పదేళ్లూ వాళ్లు ఊరికే కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ టేపులు సంఘం సమావేశాల్లో వినిపించారు. వినేవాళ్లు ఎదురుగానే ఉంటారు. ఏది నచ్చలేదో అక్కడే చెబుతారు. లైసెన్సు కోసం అన్నేళ్లు ఆపడం అన్యాయం. ఆ అన్యాయపు కాలాన్ని కూడా వాళ్లు నేర్చుకోవడానికి వాడుకున్నారు. చిరుధాన్యాల విత్తనం గురించి కార్యక్రమం చేసే ఆమె ఇంట్లోనే ఆ విత్తనపు బుట్ట ఉంటుంది. నాలాంటివాళ్లు బస్సెక్కి వెళ్లి తెలుసుకోవాల్సింది ఆమె గడపలోనే ఉంది.

మళ్లీ ఆ మూతల దగ్గరికి వస్తాను. అరుగు మీద కొలిచి వచ్చాక స్క్రిప్టు తిరగరాశాను. మూతతో కొలవొద్దని, 16 లీటర్ల ట్యాంకుకు 32 మిల్లీలీటర్లని, ఒకసారి మందుల షాపులో కొలిపించి ఇంట్లో ఉన్న చిన్న గ్లాసు మీద మేకుతో గీత గీసుకుంటే ఇక ఎప్పుడూ ఆ గీత దాకా పోస్తే చాలని చెప్పాం. ఈ చిట్కా నా సొంత బుర్రలోంచి వచ్చింది. చాలా బాగుందనుకున్నాను. ఈసారి మాత్రం ప్రసారానికి ముందే క్యాసెట్ పట్టుకుని ఆ ఊరికి వెళ్లి అదే అరుగు మీద వినిపించాను. మగవాళ్లందరూ తలలూపారు. పెద్దాయన, "ఇప్పుడు తెలిసె సార్" అన్నారు. టేపు ఆపి లేవబోతుంటే, గడప లోపల చేట పట్టుకుని నిలబడి విన్న ఆయన కోడలు బయటికి రాకుండానే అడిగింది.

"ఆ గలాసు యాడ పెట్టల్ల సార్? ఇంట్లో పిల్లోల్లుండారు కదా, నీళ్లు ముంచుకుని తాగుతారు."

అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. మూడు వారాలు ఆ స్క్రిప్టు చూసినవాళ్లలో శాస్త్రవేత్త ఉన్నారు, నేనున్నాను, మా పై అధికారి ఉన్నారు. ఎవరికీ తట్టలేదు. నేను ఆ క్యాసెట్‌ను సంచిలో వేసుకుని తిరిగివచ్చి, గ్లాసు మాట తీసేశాను. మందుకు విడిగా కొలపాత్ర ఉండాలని, దానికి ఎర్ర గుడ్డ కట్టి పిల్లలకు అందకుండా చేలోని మోటారు షెడ్డులోనే ఉంచాలని, దాన్ని ఇంటి గడప దాటి లోపలికి తేకూడదని రాశాను. ఆ వారం ప్రసారం ఆ వాక్యంతోనే మొదలైంది.